రేకుల పరీక్ష

నేను ఎంచి ఇచ్చిన లాప్‌టాప్ ఒక పిల్లవాడి తొడ కాల్చింది. పిల్లవాడంటే ఇరవై మూడేళ్ళవాడు. నడుము కింద అతనికి స్పర్శ లేదు. కాలుతున్నంతసేపూ అతను కంప్యూటర్ ఆటలో లారీ తోలుతూనే ఉన్నాడు. మూడో రోజు వాళ్ళక్క చూస్తే గానీ కాలిన సంగతి ఎవరికీ తెలియలేదు.

నా తప్పు ఎంత, కంపెనీ తప్పు ఎంత అని పంచడానికి ఇది రాయడం లేదు. నా వాటా నేను తీసుకున్నాను. వాళ్ళ వాటా వాళ్ళు ఇప్పటికీ తీసుకోలేదు. అందుకే రాస్తున్నాను.

ఇప్పుడు మీరు ఫోన్లో రెండు ప్రాసెసర్ల పేర్లు కొడితే చాలు. ఏ ఆట దేంట్లో బాగా నడుస్తుంది, ఏది ఎంత వేడెక్కుతుంది, అన్నీ పట్టిక వేసి చూపిస్తుంది. ఆ రోజుల్లో మా ముందు ఉన్నది ఒక స్టిక్కరు, దాని మీద ఒక అంకె. స్టిక్కరు మీద వేగం రాస్తారు. వేడి రాయరు.

ఎనిమిదో తరగతి సగంలో బడి మానేసినవాణ్ణి నేను. రేడియోలు విప్పి నేర్చుకున్నాను, తర్వాత టీవీలు విప్పి నేర్చుకున్నాను. ఇంగ్లీషూ అట్లాగే వచ్చింది, ఒక చిరిగిన నిఘంటువు పక్కన పెట్టుకొని డబ్బాల్లో వచ్చే కాగితాలు చదివి. తొంభైల చివర్లో రేడియో రిపేరుకు తెచ్చేవాళ్ళే లేకుండా పోయారు. అనంతపురం గడియారస్తంభం దగ్గర ఒక కంప్యూటర్ల షాపులో చేరాను. అప్పటికి నాకు నలభై ఎనిమిదేళ్ళు. యజమానిది వ్యాపార కుటుంబం. తాత బెల్లం అమ్మాడు, నాయన ఫ్యాన్లు అమ్మాడు, ఈయన కంప్యూటర్లు అమ్ముతున్నాడు. మేమంతా సేటూ అని పిలిచేవాళ్ళం. నన్ను చేర్చుకునే రోజు ఆయన పెద్దగా ఏమీ అడగలేదు.

"కంప్యూటర్ ఎప్పుడన్నా విప్పినావా?"

"లేదు సేటూ. విప్పనిస్తే నేర్చుకుంటా."

"విప్పినాక మల్లా మూస్తావా?"

"మూసినాక పని చేస్తాదా అని అడగల్ల సేటూ నువ్వు."

ఆయన నవ్వి స్క్రూడ్రైవర్ చేతికిచ్చాడు.

మొదటి ఎండాకాలానికే మాకు బుద్ధి వచ్చింది. ఏసీ గదిలో కూర్చోబెట్టి, అన్నీ బాగున్నాయని చూసి పంపిన కంప్యూటర్లు మార్చి దాటగానే ఒక్కొక్కటే తిరిగి వచ్చాయి. బండల మిద్దెల కింద మధ్యాహ్నం పూట అవి నిలవలేదు. ప్రతి మిషనుతో పాటు వచ్చే పుస్తకంలో వేడి గురించి ఒక పేజీ ఉంటుంది. ఆ పేజీ రాసినవాడు మా జిల్లాలో ఏప్రిల్ నెల ఒక్క మధ్యాహ్నం గడిపి ఉండడు.

అప్పుడు నేనొక పద్ధతి పెట్టాను. షాపు వెనక పెరట్లో అట్టపెట్టెలు పడేసే రేకుల షెడ్డు ఒకటి ఉండేది. బయటికి పోయే ప్రతి మిషనూ మిట్టమధ్యాహ్నం గంటసేపు ఆ రేకుల కింద నడవాలి. ఊరికే నడిస్తే లాభం లేదు, దాంట్లో ఆట నడవాలి. ఉత్తరాలు టైపు చేస్తే ఏ ప్రాసెసరుకూ చెమట పట్టదు. ఆట పెడితే దాని సత్తువ ఎంతో, దాని రోగం ఏమిటో రెండూ బయటపడతాయి. గంటయ్యాక నేను వెనకచెయ్యి, అంటే అరచేతి వెనకవైపు, దాని మీద ఆనించి ఇరవై దాకా లెక్కపెట్టేవాణ్ణి. ఇరవై అనేదాకా చెయ్యి ఆగితే పాసు. పద్నాలుగుకో పదహారుకో చెయ్యి తనంతట తాను లేచి వస్తే ఫెయిలు. షాపులో దీనికి రేకుల పరీక్ష అని పేరు పడింది. సేటు మొదట్లో కరెంటు ఖర్చని సణిగాడు. తిరిగొచ్చే మిషన్లు తగ్గేసరికి, కొనడానికి వచ్చినవాళ్ళను పెరట్లోకి పిలుచుకొని పోయి ఆయనే షెడ్డు చూపించేవాడు.

నాతో పాటు ఇంకొకతను పనిచేసేవాడు. ముప్పై ఏళ్ళుంటాయి. కంప్యూటర్ కోర్సు చదివిన సర్టిఫికెట్టు ఉంది, దాన్ని అద్దం కట్టించి తన బల్ల పైన గోడకు తగిలించుకున్నాడు. నాకు ఆ అద్దం అంటే కడుపుమంట, ఎందుకు దాచాలి. పనిమంతుడు. ఆటలంటే ప్రాణం, షాపులో ఉన్న ఆటల సీడీలన్నీ అతను తెచ్చినవే. ఒక్క పిచ్చి మాత్రం ఉండేది. ఏడాదిలో మొదటి గట్టి వాన పడిందంటే మరుసటి రోజు సెలవు పెట్టి వజ్రకరూరు పోయేవాడు. వానకు మన్ను కొట్టుకపోయి రాళ్ళు పైకి తేలతాయని, చేలల్లో వంగి వంగి వజ్రాలు వెతికేవాళ్ళు వందలమంది ఉంటారు. వాళ్ళలో ఒకడు.

"ఎన్నేండ్లుగా పోతాండావప్పా, ఏమన్నా దొరికిందా?" అంటే, "నడుము నొప్పి దొరికింది లే అన్నా" అనేవాడు.

రెండువేల ఐదు ప్రాంతంలో, జూన్ నెలలో, ఒకామె షాపుకు వచ్చింది. ముప్పై దాటిన మనిషి. సెనక్కాయల మిల్లులో గింజలు ఏరే పని, వేళ్ళకు ఎర్రపొట్టు రంగు అట్లే ఉంది. ఏసీ గది తలుపు తీసి లోపలికి రాలేదు, గడపలో నిలబడే అడిగింది.

"లారీ తోలే ఆట ఉంటాదంట గదా అన్నా, కంప్యూటర్లో. అది మీ దగ్గర ఉండాదా?"

వాళ్ళ ఊరు వజ్రకరూరు దారిలో. తమ్ముడు బోర్లు వేసే రిగ్గు లారీ మీద పని చేసేవాడు. కరువుకాలంలో మా జిల్లాలో నిండుగా పని దొరికింది రిగ్గులకే. నీళ్ళు పడినా పడకపోయినా రంధ్రం పడేది. ఆ పిల్లవాడికి రాడ్లు ఎత్తే పని కంటే స్టీరింగు మీద ఆశ. హెవీ లైసెన్సుకు కాగితాలు కూడా పెట్టుకున్నాడు. ఈలోగా ఒకనాడు రిగ్గు పైనుంచి పడ్డాడు. ప్రాణం పోలేదు, నడుము పోయింది. రెండేళ్ళుగా మంచం. చేతులు మాత్రం బాగున్నాయి.

"రెండు నెల్లాయ వాడు నోరు తెరిచి," అంది. "అన్నం పెడితే తింటాడు. పిలిస్తే పలకడు. గోడ తిక్కు తిరిగి పండుకుంటాడు. మొన్న మా పక్కింటి పిల్లోడు యాడనో చూసొచ్చి చెప్తాండాడు, కంప్యూటర్లో లారీ తోలొచ్చని. మా వాడు తల తిప్పినాడన్నా. అంతే. తల తిప్పినాడు."

అతను టేబుల్ ముందు కూర్చోలేడు. గోడకు దిండు పెట్టి ఆనుకొని, కాళ్ళు చాపి కూర్చోగలడు. అంటే లాప్‌టాపే కావాలి. ఆమె తేగలిగిన దుడ్లకు మా దగ్గర రెండే రకాలు ఉన్నాయి. రెంటికీ తెర ఒకటే, మెమరీ ఒకటే, తేడా ప్రాసెసర్లో. ఒకదాని స్టిక్కరు మీద రెండు పాయింట్ ఎనిమిది అని ఉంది. రెండోదాని మీద ఒకటిన్నర.

ఇక్కడ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, లేకపోతే నా మూర్ఖత్వం మీకు సరిగ్గా అర్థం కాదు. ఆ అంకె ప్రాసెసర్ క్షణానికి ఎన్ని అడుగులు వేస్తుందో చెబుతుంది. అడుగు ఎంత పొడుగో చెప్పదు. పొట్టి అడుగుల మనిషి గబగబా నడుస్తూ రొప్పుతాడు, పొడుగు అడుగుల మనిషి నింపాదిగా నడుస్తాడు, ఊరు చేరేది ఇంచుమించు ఒకే పొద్దుకు. రొప్పేవాడికి చెమట ఎక్కువ. ఇది నాకు ఇప్పుడు తెలుసు. నా పక్కన ఉన్నతనికి అప్పుడే తెలుసు.

"అన్నా, అంకె చూడొద్దు," అన్నాడతను. "ఒకటిన్నరదే ఇద్దాం. అది లాప్‌టాప్ కోసరమని చేసింది. సల్లగా ఉంటాది. పెద్ద అంకెది పాత స్టాకు, డీలరు వదిలించుకోను పంపినాడు."

"ఆట ఏంట్లో బాగా నడుస్తాది?"

"పెద్దదాంట్లో రొంత ఎక్కువే నడుస్తాది, కాదనను. అయితే..."

"ఆ పిల్లోనికి కావాల్సింది ఆటే గదప్పా. రొంత రొంత అని ఏంటికి తక్కువది ఇయ్యల్ల?"

"నేను చదివినాన్నా దాని గురించి."

"నువ్వు చదివి చెప్తాండావు. నేను చేత్తో చూసి చెప్తా. రేకుల కింద రెండూ పెడదాం."

చదివినాను అన్న ఆ ఒక్క మాట అనకపోయి ఉంటే బహుశా విని ఉండేవాణ్ణి. ఇంత చిన్నదాని మీద నడిచింది అంతా.

జూలై వచ్చినా ఆ ఏడు వాన లేదు. ఆ నెల మొదటి వారంలో ఆమె దుడ్లు మూటకట్టుకొని వచ్చింది. ఆ రోజు పన్నెండు గంటలకు రెండు లాప్‌టాపులూ పెరట్లో రేకుల కింద బల్ల మీద పెట్టి, రెంటిలోనూ లారీ ఆట వేశాం. అరగంటకు పెద్ద అంకెదాని మీద చెయ్యి పెట్టి చూశాను, పదిహేడు దాకా వచ్చి చెయ్యి లేచింది. ఇంకా అరగంట ఉంది. అప్పుడు బుక్కరాయసముద్రం వైపు నుంచి గాలి తిరిగింది. రేకుల మీద ఒక చినుకు పడిన చప్పుడు అయింది. ఇంకొకటి. ఆ తర్వాత లెక్కపెట్టడానికి వీల్లేకుండా కుండపోత.

మీకు చెప్పినా నమ్మరు, వీధి వీధంతా పని వదిలి బయటికి వచ్చింది. సేటు గల్లాపెట్టె తాళం వేయకుండా వచ్చి నడివీధిలో నిలబడ్డాడు. ఎదురు బట్టలషాపు ముసలాయన ఎండకు కట్టిన పరదా తానే లాగేసి తడిశాడు. నేనూ పోయాను. గంటసేపు నిలబడ్డాను. ఆమె మాత్రం షెడ్డులోనే మిషన్ల పక్కన నిలబడి, పైట తీసి వాటికి జల్లు కొట్టకుండా అడ్డం పట్టుకుంది.

తిరిగొచ్చి చెయ్యి పెట్టాను. రేకులు చల్లబడ్డాయి, గాలి చల్లబడింది, మిషనూ చల్లగా ఉంది. ఇరవై దాటి ముప్పై దాకా లెక్కపెట్టాను. చెయ్యి లేవలేదు. ఆట చూస్తే పెద్ద అంకెదాంట్లో లారీ నీళ్ళలా పోతోంది, రెండోదాంట్లో మలుపుల దగ్గర కాస్త తడబడుతోంది.

"చూసినావా," అన్నాను నా పక్కనతనితో.

"వాన పడింది గదన్నా. ఇది పరీక్ష కాదు. రేపు ఎండలో మల్లా పెడదాం."

నేను ఏదో అనేలోగా ఆమె అంది. "రేపు నేను రాలేనన్నా. నేల తడిసి పదునైంది గదా, పొద్దున్నుంచి ఇత్తనం పడతాది. ఇంగ నెల దాకా ఊరు కదిలేదానికి కాదు. ఏది మంచిదో నువ్వే చెప్పి ఇయ్యి."

సేటు వెనక నుంచి అందుకున్నాడు. "ఇచ్చి పంపప్పా. వాన పడినాక ఈ జిల్లాలో ఎవురన్నా కంప్యూటర్ కొంటారా? అందరి దుడ్లూ మన్నులోకే పోతాయి ఇంగ."

నేను పెద్ద అంకెది ఇచ్చాను. ఆరేళ్ళలో పరీక్ష పూర్తి కాకుండా నా చేతి మీదుగా బయటికి పోయిన మిషను అదొక్కటే. ఈ నేల మీద వాన పడితే ఎవరైనా ఏ తప్పైనా మాఫీ అనుకుంటారు. నేనూ అనుకున్నాను.

నా పక్కనతనికి ఎట్లాగూ మర్నాడు వజ్రకరూరు పోయేది ఉంది కదా, ఆ సాయంత్రం బస్సుకే ఆమెతో పోయి, మిషను అక్కడ పెట్టి, ఆట నేర్పించి, మర్నాడంతా రాళ్ళు వెతికి తిరిగొచ్చాడు. రాళ్ళేమీ దొరకలేదు.

"నువ్వు చూడల్ల అన్నా," అన్నాడు. "ఆ పిల్లోడు మొదటి గేరులో లారీ కదిలించినాడు సూడు, వాళ్ళక్క పొయ్యి కాడ నుంచి లేసొచ్చింది. ఏం మాట్లాడినాడో తెల్సా మొదట? 'క్లచ్చు యాడ?' అన్నాడు. రెండు నెల్ల తర్వాత నోరు తెరిచి క్లచ్చు యాడ అని అడిగినాడు."

ఎనిమిది నెలలు బాగా నడిచింది. మార్చి మూడో వారంలో ఆమె రూపాయి ఫోను నుంచి షాపుకు చేసింది. మధ్యాహ్నం పూట ఆట మధ్యలో మిషను టపీమని ఆగిపోతోందట. చల్లబడితే గానీ మళ్ళీ లేవదట. బస్సెక్కి నేనే పోయాను.

బండల మిద్దె, ఒకటే గది. అతను గోడకు ఆనుకొని కాళ్ళు చాపి ఉన్నాడు. సన్నటి ముఖం, భుజాలు మాత్రం రాడ్లెత్తిన భుజాలు. తొడల మీద నాలుగు మడతల బొంతముక్క, దాని మీద లాప్‌టాప్. గడపలో ఇద్దరు ముసలివాళ్ళు కూర్చొని ఉన్నారు. గొర్రెలు తోలుకొని పోయేవాళ్ళు, దారిలో ఆగినట్టున్నారు.

"వీళ్ళేంటికి వచ్చినారప్పా?" అన్నాను.

"వాన చూడను," అన్నాడతను. "ఈ ఆటలో దినామూ వానే గదన్నా. అద్దం మీద పడతాది, వైపర్లు తుడుస్తాంటాయి. ఈ తాత అదే సూస్తా కూసుంటాడు. లారీ యాడికి పోతాందో పట్టదు ఆయప్పకు."

"ఆ దేశంలో సెనక్కాయలు ఎయ్యరా?" అన్నాడు ముసలాయన. "ఇంత వాన ఉత్తపున్నేనికి పోతాంది."

అందరం నవ్వాం. ఆ గదిలో నేను నవ్వింది అప్పుడే.

మిషను తిరగేసి కింది మూత విప్పాను. లోపల ఉన్నదాన్ని రెండుసార్లు చూశాను. అది లాప్‌టాప్ ప్రాసెసర్ కాదు. నేను రోజూ టేబుల్ కంప్యూటర్లలో బిగించే రకం. దోసిలంత ఫ్యాను పెట్టి పెద్ద పెట్టెలో ఉంచాల్సినదాన్ని తీసి, ఈ పలకంత దాంట్లో కుక్కి, పైన పెద్ద అంకె స్టిక్కరు అంటించారు. మా షాపుకు వచ్చిన కాగితాల్లో ఆ మాట ఎక్కడా లేదు. నాకు ఒళ్ళు మండింది. దాంతో పాటే, సిగ్గు విడిచి చెబుతున్నాను, లోపల ఒక సంతోషం కలిగింది. వాళ్ళు దాచింది ఎనిమిదో తరగతివాణ్ణి నేను కనిపెట్టాను కదా అని.

ఆ క్షణంలో మూత పెట్టేసి, సంచిలో వేసుకొని, తిరిగి షాపుకు తెచ్చి ఉండాలి. "ఇది నీకు పనికిరాదప్పా" అని ఉండాలి. అతను నా చేతుల వైపే చూస్తున్నాడు.

"అయితాదా అన్నా? నిన్న రాత్రి పెద్ద ట్రిప్పు ఎత్తుకున్న్యా. మధ్యలో నిలబడిపోయింది."

"గమ్మునుండు. అయితాది," అన్నాను.

చేతిడ్రిల్లు నా సంచిలో ఎప్పుడూ ఉంటుంది. ప్రాసెసర్ కిందికి వచ్చే చోట మూతకు నాలుగు వరసల్లో బెజ్జాలు వేశాను. వేడి బయటికి పోయే దారి దొరికింది. బిగించి ఇచ్చాను. అతను మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నాడు. అప్పుడు నా నోటితో నేను అన్న మాట ఇది.

"ఆ బొంత తీసెయ్యి. గుడ్డ అడ్డముంటే గాలి ఆడదు. ఉత్త కాళ్ళ మీదనే పెట్టుకో."

వాళ్ళక్క వచ్చి బొంత తీసింది. నేను పైన, కీబోర్డు పక్కన వెనకచెయ్యి పెట్టి లెక్కపెట్టాను. ఇరవై దాకా ఆగింది. కింద పెట్టి చూడలేదు. కింద అతని కాళ్ళున్నాయి, కాళ్ళకే తెలుస్తుంది కదా అనుకున్నానేమో. ఏమనుకున్నానో ఇన్నేళ్ళుగా వెతుకుతున్నాను, దొరకడం లేదు. అతని నడుము సంగతి మర్చిపోయి కాదు. మర్చిపోయి ఉంటే బాగుండేది.

అంతకు ముందు వేడెక్కినప్పుడల్లా ఆగిపోయేది చూశారా, ఆ మిషనుకు ఉన్న అరుపు అదొక్కటే. నేను పోయి దాని నోరు మూసి వచ్చాను. టీ తాగించారు. బస్టాండు దాకా ఆ ముసలాయన తోడు వచ్చాడు.

మూడు వారాల తర్వాత ఏప్రిల్లో ఆమె షాపుకు వచ్చింది. ఈసారి తలుపు తీసుకొని లోపలికి వచ్చింది. లాప్‌టాప్‌ను నా బల్ల మీద పెట్టింది.

"నీ పుణ్యమా అని వాడు రెండు దినాలు ఆపకుండా తోలినాడన్నా. బాగా నడిచింది. మూడో దినం ఒళ్ళు తుడుస్తాంటే చూసినా. కుడి తొడ మీద అరచెయ్యంత బొబ్బ, చితికిపోయింది. పుండుకు మూలలుంటాయా అన్నా యాడన్నా? దానికి నాలుగు మూలలుండాయి."

నేను మూత తిప్పి చూశాను. నా బెజ్జాలు, నాలుగు వరసలు.

సేటు మాట మృదువుగానే అన్నాడు. "బెజ్జాలు పెట్టింది ఎవురప్పా? నేను పెట్టమన్నానా? ఇంగ కంపెనీవాడు దీన్ని ముట్టుకోడు. నువ్వే చూసుకో." "నేను అప్పుడే చెప్పినా" అనడానికి నా పక్కనతనికి హక్కుంది. ఆ పూటే కాదు, తర్వాత బెంగళూరులో ఉద్యోగం దొరికి పోయే రోజు కూడా అనలేదు. అని ఉంటే నాకు కొంచెం బరువు దిగేది. పోయేటప్పుడు గోడ మీది అద్దం తీసుకొని పోవడం మర్చిపోయాడు. దాన్ని తుడిచి పంపించింది నేనే.

స్పర్శ లేని ఒంటికి పుండు త్వరగా మానదు. అనంతపురంలో రెండు నెలలు చూశారు, తర్వాత కర్నూలు తీసుకపోయారు. ఎముక దాకా పోయిందన్నారు. కుడి కాలు తొడ దగ్గరికి తీసేశారు. నేను చూడటానికి పోయిన రోజు అతను తేరుకొని ఉన్నాడు. నేను మంచం మీద అతని కాళ్ళ వైపు చూడలేక కిటికీ వైపు చూస్తుంటే అతనే అన్నాడు.

"ఊరికే ఉంటివేమన్నా. ఆ కాలుతో నాకేం పనుండాది, పోతే పోనీలే. మిషను యాడ పెట్టినావు?"

"షాపులో ఉండాదప్పా."

"ఆ ట్రిప్పు అయిపోలేదు. సరుకు దింపేది ఉండాది ఇంగా."

నేను ఊరికి వచ్చి ఒక వడ్రంగితో చిన్న బల్ల చేయించాను. మంచం మీద ఒడికి అటూ ఇటూ కోళ్ళు నిలబడే పొట్టి బల్ల. గంట పని. మొదటి రోజే చేయించి ఉండాల్సింది, ఎవరికీ తట్టలేదు. నా సొంతంగా ఆ చల్లటి రకం, ఒకటిన్నర అంకెది, ఒకటి తీసుకొని, బల్లా మిషనూ రెండూ బస్సు మీద వేసుకొని వాళ్ళ ఊరికి పోయాను. ఆమె నన్ను గడప దాటనివ్వలేదు. కోపంగా కూడా లేదు.

"వద్దన్నా. తీసకపో."

"ఇది వేరే రకమమ్మా. ఇది కాలదు. పైగా బల్ల..."

"నువ్వే ఏరి ఇస్తివి మొదటిది. నువ్వే బొంత తీసెయ్యమంటివి. ఇప్పుడు బల్ల పెట్టమంటాండావు. రేపు ఇంగొకటంటావు. నువ్వు మంచోడివే, నీ మాట మీద వాణ్ణి ఇంగ పెట్టలేను."

"ఏం చేస్తే నమ్ముతావమ్మా?"

ఆమె నా చేతిలోని మిషను వైపు వేలు చూపించింది. "ఈ మిషను చేసినోడు రాసియ్యల్ల. నీ మాట వద్దు, నీ షాపు మాట వద్దు. చేసినోడు, ఇది ఒంటిని కాల్చదు అని కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇస్తే, ఆ పొద్దే లోపలికి రానిస్తా."

లోపలి నుంచి అతని గొంతు. "రాయించుకోని రా అన్నా. నేనుంటా."

రెండు రకాలూ ఒకే కంపెనీవి. ఆ రాత్రే మొదటి ఉత్తరం రాశాను. నిఘంటువు పెట్టుకొని నా ఇంగ్లీషులో రాశాను. నష్టపరిహారం అడగలేదు. టేబుల్ ప్రాసెసరును లాప్‌టాప్‌లో పెట్టి ఆ మాట ఎందుకు చెప్పలేదని అడిగాను. బెజ్జాలు నేనే వేశానని దాచకుండా రాశాను. మీ చిన్న అంకె రకం ఒంటిని కాల్చదని రెండు వాక్యాలు రాసి పంపితే ఒక మనిషి మళ్ళీ లారీ తోలతాడని రాశాను. అతనికి నడుము కింద స్పర్శ లేదన్న సంగతి మొదటి వాక్యంలోనే పెట్టాను, చదివేవాడి కన్ను దాటిపోకుండా.

జవాబు రాలేదు. మళ్ళీ రాశాను. రిజిస్టరు చేశాను. డీలరు ద్వారా పంపాను. హైదరాబాదు ఆఫీసుకు ఫోను చేస్తే ఒకమ్మాయి మర్యాదగా నా మిషను నంబరు అడిగేది, రాసుకునేది, పెట్టేసేది. మొత్తం తొమ్మిది ఉత్తరాలు. ఈ మధ్యలో వజ్రకరూరు బస్సు ఎక్కినప్పుడల్లా ఆ ఊర్లో దిగేవాణ్ణి. గడప బయటి నుంచే పలకరించేవాణ్ణి.

"కాగితం వచ్చిందా అన్నా?" అనేవాడు లోపలి నుంచి.

"వస్తాదప్పా. రాసినా మల్లా."

మొదటి ఏడాది ప్రతిసారీ అడిగాడు. రెండో ఏడాది రెండుసార్లు అడిగాడు. ఆ తర్వాత ఒకసారి నేను గడపలో నిలబడి, నేనే "ఇంగా రాలేదప్పా" అన్నాను. లోపలి నుంచి ఏ శబ్దమూ లేదు. ఆమె బయటికి వచ్చి, "గోడ తిక్కు తిరిగి పండుకున్నాడు" అంది. మొదటి రోజు మా షాపు గడపలో నిలబడి చెప్పినప్పుడు కూడా ఇదే మాట. ఆ గొర్రెల ముసలాయన ఆ దారినే పోతున్నాడు, గదిలోకి తొంగి చూసి, ఏ వానా లేదని తెలుసుకొని పోయాడు.

జవాబు దాని తర్వాత నాలుగు నెలలకు వచ్చింది. అప్పటికి నేను ఉద్యోగం మానేశాను. షెడ్డు తీసేసి సేటు అక్కడ గోడౌను కట్టాడు. ఇప్పుడు ఎవరూ దేని మీదా చెయ్యి పెట్టి లెక్కపెట్టడం లేదు. కంపెనీ ముద్ర ఉన్న మంచి కాగితం, కింద సంతకం, హోదా. చేసినవాడు రాసిచ్చిన కాగితమే. నేను దాన్ని ఆ ఊరికి తీసుకపోలేదు. వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు. ఆ తర్వాత ఆ దారిన బస్సెక్కినా ఆ ఊర్లో దిగలేదు. నా పాపాల్లో దాన్ని కూడా వేసుకోండి. పిల్లలూ, మీలో ఎవరైనా యంత్రాలు ఎంచి ఇచ్చే పనిలో ఉంటే, అంకె చూసే ముందు అది ఎవరి ఒళ్ళోకి పోతోందో అడగండి. వాళ్ళు చెప్పింది నమ్మండి. ఎక్కువ చెప్పను, చెప్పే అర్హత నాకు లేదు.

ఆ ఇంగ్లీషు కాగితాన్ని అదే నిఘంటువు పెట్టుకొని, ఒక్క మాట వదలకుండా తెలుగు చేశాను. ఇది:

"అయ్యా, మీ ఉత్తరాలు అందాయి. మీరు పేర్కొన్న మోడల్‌ను కంపెనీ ప్రస్తుతం తయారు చేయడం లేదు. కింది మూతకు రంధ్రాలు చేసినందువల్ల దానికి వారంటీ వర్తించదు. మా ఇతర మోడళ్ళు శరీరానికి వేడి తగిలించవని రాతపూర్వకంగా హామీ ఇవ్వడం కంపెనీ విధానం కాదు. ఏ లాప్‌టాప్ అయినా వాడకంలో కొంత వేడెక్కడం సహజం. ఒడిలో పెట్టుకున్నప్పుడు కాళ్ళకు వేడిగా అనిపిస్తే, వాడేవారు వెంటనే దాన్ని తీసి పక్కన పెట్టుకోవాలి."